ఒడ్డున పడని మాటలు

పిహెచ్‌డి వైవా ముగించుకుని తాడేపల్లిగూడెం వచ్చిన రోజు, నన్ను చూడ్డానికి వచ్చిన మా పెద్దమ్మ అమ్మని అడిగిన మొదటి మాట, "మరి దీన్నెప్పుడు ఒడ్డున పడేస్తావే?" అని. అమ్మ ముఖం చిన్నబోయింది. నాకు కోపం రావాల్సింది. వచ్చింది కూడా, కాకపోతే కాస్త ఆలస్యంగా. అంతకంటే ముందు ఆ మాట నన్ను పట్టుకుంది. అయిదేళ్ళపాటు నేను చేసింది తెలుగు కావ్యాల్లో, శాసనాల్లో ఓడల మాటలు ఏరడమే. అట్టపెట్టెల నిండా కార్డులున్నాయి. కప్పలి, కలము, జోంగు, వల్లి, అంబి, తెప్ప... ఒక్కొక్క మాటకి అర్థం, ప్రయోగం, ఏ కవి వాడాడో, ఏ రాజు కాలమో అన్నీ రాసుకున్నాను. 'ఒడ్డున పడేయడం' అన్న కార్డు మాత్రం వాటిలో లేదు.

ఆ రాత్రి కూర్చుని అలాంటివి లెక్కపెట్టాను. ఆడపిల్లని గట్టెక్కించడం, ఒక దరికి చేర్చడం, నట్టేట ముంచడం, ఏరు దాటాక తెప్ప తగలేయడం, రెండు పడవల మీద కాళ్ళు పెట్టడం, సంసారసాగరం ఈదడం, ఓడలు బండ్లు కావడం. సముద్రం చూడని ఇళ్ళల్లో కూడా ఆడవాళ్ళ బతుకు గురించి మాట్లాడాలంటే పడవ ఎక్కాల్సిందే. అయితే ఈ పడవలో మేం ఎప్పుడూ సరుకే. ఎవరో ఎక్కిస్తారు, ఎవరో దింపుతారు. 'దిక్కు' అన్న మాట చూడండి. నడిసముద్రంలో నావికుడికి అది తూర్పో పడమరో చెప్పే మాట. మన ఇళ్ళల్లోకి వచ్చేసరికి అదే మాట మగమనిషి అయి కూర్చుంది. మొగుడో కొడుకో లేకపోతే ఆమె దిక్కులేనిది. నాలుగు దిక్కులూ ఎదురుగా కనిపిస్తున్న మనిషిని పట్టుకుని ఆ మాట ఎలా అంటారో!

మా ఊరికి సముద్రం లేదు, ఏలూరు కాలువ ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి నీళ్ళు విజ్జేశ్వరం దగ్గర బయల్దేరి నిడదవోలు, గూడెం, భీమడోలు మీదుగా ఏలూరు చేరాయి. అక్కడ బెజవాడ నుంచి వచ్చే కృష్ణా కాలువతో కలిశాయి. కాకినాడలో పడవెక్కినవాళ్ళు కాలువల మీదే మద్రాసు దాకా పోగలిగిన రోజులుండేవి. ఆ దారినే 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. కాగితం మీద ఆ పేరుంది కానీ మా కాలువలో నేను చూసింది గేదెల్నీ, గుర్రపుడెక్కనీ.

అమ్మమ్మ మాత్రం ఆ పడవలెక్కింది. కొత్త పెళ్ళికూతురుగా రాత్రంతా పడవలో ప్రయాణం చేసి అత్తగారింటికి వచ్చింది. గట్టు మీద మనుషులు తాడు లాగుతుంటే పడవ నడిచేదట. లాకుల దగ్గర ఆగి, నీళ్ళు సమానమయ్యేదాకా కూర్చోవాల్సి వచ్చేదట. ఇంగ్లీషు 'లాక్' మన నోట్లో లాకులైంది. కాటన్‌ దొర ఇచ్చిన మాటల్లో అదొకటి. ఆ రాత్రి ఆమె చూసినవాటిలో బాగా గుర్తున్నది పడవ వెనక చుక్కాని పట్టుకుని కూర్చున్న ముసలాయన. "చుక్కల్ని చూసి తిప్పుతాడు కదే, అందుకే అది చుక్కాని" అని చెప్పేది. అరబ్బీలో సుక్కాన్ అనే మాట ఉంది, అది ఓడల మీద మన తీరానికి వచ్చింది అని నేను పాఠం చెప్పబోయాను. అమ్మమ్మ పూర్తిగా విని, "అరబ్బీవాళ్ళకి మాత్రం చుక్కల్లేవా?" అంది. నా చదువు అక్కడితో ఆగింది.

నిజానికి మన ఓడ మాటల్లో సగం ఇలా తిరుగుళ్ళు తిరిగి వచ్చినవే. లంగరు, బందరు, సరంగు పారశీకం నుంచి వచ్చాయి. బందరు అంటేనే రేవు. శ్రీనాథుడి 'హరవిలాసం'లో అవచి తిప్పయసెట్టి ఓడల వర్ణన ఉంది. ఆ కావ్యం అంకితం పుచ్చుకున్నది ఆ వర్తకుడే. తరుణాసీరి, తవాయి అంటే బర్మా తీరంలోని టెనాసెరిం, టవాయ్. సింహళం నుంచి ఏనుగులు, హురుమంజి నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టు. వాటిని తెచ్చే ఓడలు కప్పలి, జోంగు, వల్లి, వలిక, సమ్మను. కప్పలి తమిళంలో కప్పల్, మలయ్ భాషలో కపాల్. జోంగునే ఇంగ్లీషువాళ్ళు జంక్ అన్నారు, సమ్మనుని సంపాన్ అన్నారు. ఒక్క పద్యంలో అయిదు రకాల ఓడలు! నా థీసిస్‌లో ఈ పద్యానికి ఇరవై పేజీలిచ్చాను.

ఆ ఇరవై పేజీల్లో రాయనిది ఒకటుంది. ఆ ఓడల్లో వచ్చిన చందనం, అగరు, కర్పూరం, కస్తూరి, కుంకుమపువ్వు ఎవరి ఒంటి మీదికి పోయాయి? అవచివారు కొండవీటి కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకి సుగంధద్రవ్యాలు సమకూర్చినవాళ్ళు. అందుకే ఆ రాజు కర్పూర వసంతరాయలయ్యాడు. ఆ సభలో ఆడిన లకుమాదేవి పేరు మనకి దక్కింది. కర్పూరం దేశం తెలుసు, మోసిన ఓడ పేరు తెలుసు, తెచ్చిన సెట్టి వంశం తెలుసు. లకుమ ఏ ఊరి పిల్లో మాత్రం ఎవరూ పద్యం కట్టలేదు.

మోటుపల్లి శాసనం దగ్గరా ఇలాంటిదే జరిగింది. కాకతి గణపతిదేవుడు 1244-45లో అక్కడి రేవుకి వచ్చే ఓడవర్తకులకి అభయమిచ్చాడు. అంతకుముందు రాజులు తుఫానుకి కొట్టుకొచ్చి ఒడ్డున పడిన ఓడల్లోని ధనం మొత్తం లాగేసుకునేవారట. ప్రాణాలకంటే ధనమే ప్రియమని తెలిసినవాడు కాబట్టి తాను దయతో నిర్ణీత సుంకం మాత్రమే పుచ్చుకుని మిగిలింది వదిలేస్తానన్నాడు. సుంకం ముప్పయ్యో వంతు. ఒడ్డున పడటం అంటే అసలు అర్థం ఇదన్నమాట! ఓడ పగిలిపోవడం, ఒడ్డునున్నవాడికి సొంతమైపోవడం. మా పెద్దమ్మకి ఈ శాసనం చదివి వినిపించాలనుకున్నాను. వినిపించలేదు, ఆవిడకీ ఆ ఒడ్డు నాకంటే బాగా తెలుసు.

ఆ శతాబ్దం చివర్లో మార్కో పోలో ఈ తీరానికి 'ముత్‌ఫిలి' అని పేరు పెట్టి, రాజు పోయాక అతని భార్య నలభయ్యేళ్ళుగా రాజ్యం చేస్తోందని రాశాడు. ఆమె రుద్రమదేవి. గణపతిదేవుడికి భార్య కాదు, కూతురు. సాలెగూడు లాంటి మన బట్టల నాణ్యాన్ని అంత జాగ్రత్తగా చెప్పినవాడికి, సింహాసనం మీదున్న ఆడమనిషి ఎవరికో భార్య కాక మరేమవుతుందో తోచలేదు.

ఇంత పొడుగు ఉపోద్ఘాతం చెప్పింది 'సంగడి' అన్న ఒక్క మాట కోసం. సంగడి అంటే జత, చెంత, స్నేహం. సంగడీడు అంటే నేస్తం. ఇది మనందరికీ తెలిసిన అర్థమే. దానికి ఇంకో అర్థం ఉంది. రెండు దోనెలు పక్కపక్కన పెట్టి, అడ్డకర్రలతో కట్టి ఒకటిగా నడిపే జంటపడవ. మలయాళంలో చంగాడం. క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో పేరు చెప్పుకోని ఒక గ్రీకు నావికుడు ఎర్రసముద్రం నుంచి మన తీరాల దాకా వర్తకుల దారిని రాసిపెట్టాడు. ఒంటిమాను పడవల్ని కలిపికట్టి చేసే పెద్ద నావల్ని ఇక్కడివాళ్ళు 'సంగర' అంటారని చెప్పాడు. భాషాపండితులు ఆ సంగరనీ మన సంగడి, చంగాడాల్నీ ఒక కుదురులో చేర్చారు. శాతవాహనుల నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంటుంది, అందరూ దాన్నే చూపిస్తారు. నాకు మాత్రం సంగడే గొప్పగా కనిపిస్తుంది. ఒక్క దోనె అలకి తిరగబడుతుంది. రెండు కట్టేస్తే నిలుస్తుంది. ఇందులో ముందు పుట్టింది పడవో నేస్తమో పండితులు తేల్చుకోవచ్చు. హాస్టల్లో అయిదేళ్ళు ఒకే గదిలో ఉండి, ఒకరి అధ్యాయాలు ఒకరు దిద్దుకుని, ఒకరి స్టైపెండు ఆగిపోతే ఇంకొకరి మెస్సు బిల్లు కట్టిన ఇద్దరు ఆడపిల్లలకి ఆ కట్టు ఏమిటో తెలుసు.

ఈ మాట సెమినార్లో చెబితే ఒక పెద్దాయన నవ్వి, "ఓడలూ సముద్రాలూ మీకెందుకమ్మా, పెళ్ళిపాటల మీద పని చేసుకోవచ్చు కదా" అన్నారు. పెళ్ళిపాటలు తక్కువవని కాదు నా బాధ. ఏది ఎవరి సబ్జెక్టో ముందే పంచేసి పెట్టుకున్నారని.

ఆడవాళ్ళు ఓడ నడిపిన కావ్యం మనకి లేకపోలేదు. త్యాగరాజస్వామి 'నౌకా చరిత్రం' ఉంది. తంజావూరు సీమలో కావేరి ఒడ్డున రాసిన తెలుగు గేయనాటకం. అందులో గోపికలు కృష్ణుణ్ణి ఎక్కించుకుని యమునలో తామే ఓడ నడుపుతారు. ఆనందంతో ఆడతారు, పాడతారు, మా అంతవాళ్ళు లేరనుకుంటారు. అప్పుడు గాలివాన వస్తుంది. ఓడకి చిల్లి పడుతుంది. ఆ చిల్లిని మీ బట్టలతో మూయమంటాడు కృష్ణుడు. మూస్తారు, అయినా ఆగదు. చివరికి అతన్ని శరణు వేడితేగాని ఒడ్డు చేరరు. భక్తి దృష్టితో చూస్తే అహంకారం పోవడం, శరణాగతి. సంగీతం మాటకొస్తే నేను నోరు మూసుకుంటాను, ఆ పాటలు వింటూ కన్నీళ్ళు పెట్టుకున్నదాన్నే. కానీ తెడ్డు పట్టుకున్న ఆడవాళ్ళకి గర్వం కలిగిన మరుక్షణం ఓడకి చిల్లి పడటం, ఆ చిల్లికి వాళ్ళ ఒంటి మీది బట్టలే కావాల్సి రావడం చదువుతున్నప్పుడు నాకు గొంతులో ఏదో అడ్డుపడుతుంది. మగవాళ్ళు ఓడ నడిపి గర్వపడితే దాన్ని నౌకావాణిజ్య వైభవం అని మనం డిగ్రీలో చదువుకున్నాం.

ఓడ మీద కూలివాళ్ళ భాష వేరే. సరంగు, తండేలు, కళాసీ. పారశీకం, పోర్చుగీసు, మలయ్, హిందూస్తానీ, ఇంగ్లీషు అన్నీ కలిసిన లష్కర్ల భాష అది. థామస్ రోబక్ దానికి 1811లో ఒక నిఘంటువు వేశాడు, తెల్ల అధికారులు ఆజ్ఞలివ్వడానికి పనికొస్తుందని. అమితావ్ ఘోష్ 2008లో 'సీ ఆఫ్ పాపీస్' నవలలో ఆ భాషకి మళ్ళీ ప్రాణం పోశాడు. తండేలు మాట 2025లో సినిమా పేరుగా వచ్చాక మా గూడెంలో ఆటోవాళ్ళకి కూడా తెలిసింది. శ్రీకాకుళం జాలర్లు గుజరాత్ పడవల మీద పనికి వెళ్ళి 2018 నవంబరులో పాకిస్తాన్‌కి పట్టుబడి, 2020 జనవరిలో తిరిగొచ్చిన సంగతి దాని వెనక ఉంది. ఆ పధ్నాలుగు నెలలూ ఇంటి దగ్గర బియ్యం ఎలా వచ్చాయో సినిమా అడగదు. అంత నిడివి ఉండదనుకోండి.

కోరంగిదీ అదే కథ. గోదావరి మొగ దగ్గర ఓడలు కట్టిన, బాగుచేసిన రేవు. బర్మాలోనూ మారిషస్‌లోనూ తెలుగువాళ్ళ పేరే 'కోరంగీ' అయిపోయింది. 1789 డిసెంబరులో ఉప్పెన ముంచింది, 1839 నవంబరులో మళ్ళీ ముంచింది. ఆ మొదటి ఉప్పెన సంగతులు సేకరించి రాసినవాళ్ళలో కలకత్తా పిడింగ్టన్ ఒకడు. 'సైక్లోన్' అన్న మాట పుట్టించింది అతనే. అంటే ఇవాళ ప్రపంచమంతా వాడే ఆ మాట వెనక మన కోరంగి చావులు కూడా ఉన్నాయి. రంగూన్‌ని మనవాళ్ళు రంగం అన్నారు. అక్కడి ఓడరేవులో బరువులు మోసిన తెలుగు కూలీలు 1930 మేలో కూలిపెంపు కోసం సమ్మె కట్టారు. వాళ్ళ బదులు బర్మా కూలీల్ని పెట్టారు. ఒప్పందం కుదిరి తెలుగువాళ్ళని తిరిగి తీసుకోగానే అల్లర్లు పుట్టి, కోరంగీల్ని వెతికి చంపారు. రంగం పోయిన మొగుడి కోసం ఎదురుచూసిన ఆడవాళ్ళు ఇటువైపు ఎన్ని ఊళ్ళలో ఉన్నారో! ఎదురుచూడటం ఓడ పని కాదు కాబట్టి దానికి వృత్తిపదం లేదు.

నర్సాపురం దగ్గర నాకు ఈ లెక్క పూర్తిగా తేడా కొట్టింది. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళు తమ ఓడలు కట్టించుకున్నదీ మరమ్మతు చేయించుకున్నదీ అక్కడే, పక్కన మాధవాయిపాలెంలో. మదపొల్లం గుడ్డ అని లోకమంతా పిలిచింది ఆ ఊరి పేరునే. 1669 నుంచి 1679 దాకా బంగాళాఖాతంలో తిరిగిన థామస్ బౌరీ అక్కడి కలప, ఇనుము, వడ్రంగుల నేర్పు గురించి మెచ్చుకుంటూ రాశాడు. ఆ నావికుడే తర్వాత 1701లో మలయ్-ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేశాడు. ఓడ కట్టడం ఆగిపోయిన ఆ ఊళ్ళో ఇప్పుడు మిగిలిన పేరు లేసుది. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీ స్త్రీలు నేర్పిన అల్లిక. మరియా మీస్ 1982లో ఆ అల్లికవాళ్ళ మీద పుస్తకం రాసింది. ప్రపంచ మార్కెట్‌కి సరుకు తయారుచేస్తున్న ఆడవాళ్ళని ఇంట్లో తీరిక వేళ ఏదో చేసుకునే గృహిణులని అనడం వల్లే ఆ కూలి అంత తక్కువగా నిలబడిందని చూపించింది. వల అల్లడం, లేసు అల్లడం, రెంటికీ తెలుగులో క్రియ ఒక్కటే. మొదటిదాన్ని వృత్తి అంటాం, రెండోదాన్ని కాలక్షేపం అంటాం.

అక్కణ్ణుంచి పేరుపాలెం తీరానికి వెళ్ళాను, నోట్‌బుక్కుతో. ఇసకలో కూర్చుని చేపలు వేరుచేస్తున్న ఒకావిడని పడవ భాగాల పేర్లడిగాను. "పడవ మాటలు మగోళ్ళనడగండి అమ్మాయిగారూ. మేం పడవెక్కకూడదండి. మాకొచ్చినవి ధరల మాటలండి" అంది. ఆమె చేతులు ఆగలేదు. గంపలోకి ఏవి, ఉప్పు పట్టడానికి ఏవి, ఇంటికి ఏవి. పరిగెలు ఒక పక్కకి. నేను పెన్ను జేబులో పెట్టబోతుంటే తలెత్తి చూసి, "గాలి తిరిగిందండి. ఇవాళ తొరగా వచ్చేత్తారు" అంది. పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు, అమావాస్యకి నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయి, ఏ రంగు మబ్బుకి పిల్లల్ని లోపలికి లాక్కోవాలి, అన్నీ మాటల్లో మాటగా చెప్పింది. సముద్రాన్ని ఆమె నలభయ్యేళ్ళుగా ఒడ్డు నుంచి చదువుతోంది. పడవలోవాడికి ఎంత తెలియాలో ఒడ్డునున్న ఆమెకీ అంతే తెలియాలి. ఆ పూట పాటలో ఎంతకి పాడాలో దాన్నిబట్టే కదా. సముద్రాన్ని గంగమ్మ తల్లీ అని మొక్కుతారు, ఆడమనిషిని పడవెక్కనివ్వరు. ఈ సంగతి ఎత్తితే ఆవిడ నవ్వి, "తల్లి దగ్గిరికి కొడుకులెళ్తారండి, కోడళ్ళు ఎల్తారేటండి" అంది. వెక్కిరించిందో నిజంగానే చెప్పిందో నాకు తెలీలేదు.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయం మీద, 1962లో వచ్చింది. దాన్ని చూసే నేను పదాలు ఏరడం నేర్చుకున్నాను. ఊరూరా తిరిగి రైతునడిగి రాసిన పుస్తకం అది. దాని మీద నాకు గౌరవం తగ్గలేదు. నా కార్డులన్నీ తిరగేస్తే తేలింది ఏమిటంటే, నేను కవినడిగాను, రాజునడిగాను, సరంగునడిగాను. రేవునడగలేదు. రేవు! ఓడరేవూ రేవే, చాకలిరేవూ రేవే, బిందె ముంచే రేవూ రేవే. ఈ తీరంలో ఓడలవాళ్ళూ ఆడవాళ్ళూ రోజూ కలిసి వాడిన మాట అదొక్కటీ నా థీసిస్‌లో రెండు వాక్యాలతో సరిపోయింది.

కొల్లేరులో ఆడవాళ్ళు దోనె నడుపుతారు. తాటిమానుని తొలిచి చేసిన దోనె, నిలబడి గెడ వేయాలి. 2006లో చెరువుల గట్లు కొట్టేశాక కొన్నేళ్ళు నీళ్ళు పరుచుకున్నాయి, మళ్ళీ గట్లు లేచాయి. ఆ గట్ల మధ్య సన్నటి దారిలో నన్ను ఎక్కించుకున్నావిడకి నా వయసే ఉంటుంది. ఉప్పుటేరు సంగతి నేనెత్తకుండానే చెప్పింది. కొల్లేటికోటని పట్టడానికి శత్రువులు సరస్సు నీళ్ళు సముద్రంలోకి పోయేలా కాలువ తవ్వారట. అప్పుడు కోటలోని గజపతుల సేనాని గెలుపు కోసం తన కూతుర్నే బలిచ్చాడట. అందుకే దానికి పేరంటాల కనుమ అని పేరట. జిల్లా మాన్యువల్‌లో నేనీ కథ చదివాను, దాంట్లోనూ ఆ పిల్లకి పేరు లేదు. ఆవిడని అడిగాను. "పేరంటాలే కదండీ పేరు" అంది. కాసేపాగి గెడ నా చేతికిచ్చి, "కాళ్ళు ఎడంగా పెట్టండి. ఒడ్డుకేసి చూడకండి, నీళ్ళకేసి చూడండి, లేపోతే తిరగబడద్ది" అంది. పది గజాలు నడిపాను. తర్వాత గట్టుకి గుద్దాను.

ఇంటికొచ్చి కొత్త కార్డులు రాయడం మొదలెట్టాను. రేవు. పోటు. పాట. పరిగె. గెడ. సంగడి కార్డు తీసి రెండో అర్థం మొదటికి మార్చాను. 'ఒడ్డున పడేయు' అని రాసి, అర్థం దగ్గర ఆగిపోయి వంటింట్లోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అమ్మ ఆ కార్డు ముందు కూర్చుని ఉంది. ఆవిడ ఎనిమిదో తరగతితో ఆగిపోయింది, రాత మాత్రం ముత్యాలు. ప్రయోగం అని నేను ఖాళీగా వదిలిన చోట నింపింది: "మా నాన్నగారు మా ముగ్గురినీ అయిదేళ్ళలో ఒడ్డున పడేశారు." కింద తేదీ వేసి, ఊరి పేరు కూడా రాసింది.